పెద్ద బ్రేకులు కొనేముందు ఉన్న బ్రేకులను చూసుకుందాము



గత వర్షాకాలంలో మన ఆసుపత్రి పికప్ బండికి జరిగిన సంగతి మీలో చాలామంది విన్నారు. కొండ గ్రామంలో క్లినిక్ ముగించుకొని పాడేరు ఘాటు రోడ్డు దిగుతున్నాము. లోపల నెలలు నిండిన తల్లి, ఆమె అత్తగారు, మా నర్సులు ఇద్దరు ఉన్నారు. ఆ తల్లిని ఊరి నుండి బండి దాకా డోలీలో మోసుకొచ్చారు. సగం దారి దిగేసరికి కాలిన వాసన వచ్చింది. "సిస్టరమ్మా, పెడలు లోపలికి పోతోంది, గట్టిగా పట్టుకోండి" అన్నాడు డ్రైవరు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కొండవైపు మట్టికట్టకు ఆనించి బండి ఆపాడు. దేవుని కృప వలన ఎవరికీ దెబ్బ తగలలేదు. 108 వచ్చి తల్లిని తీసుకువెళ్ళింది. ఆ రాత్రే పాప పుట్టింది.

మరుసటి ఆదివారమే మన యువజనులు చందాలు మొదలుపెట్టారు. ముందు చక్రాలకు పెద్ద డిస్కులు వేయించి, వెనుక డ్రమ్ములు తీసేసి అక్కడ కూడా డిస్కులు పెట్టించాలని వారి కోరిక. ఆసుపత్రి కమిటీ నర్సింగు విభాగం అభిప్రాయం కూడా అడిగింది. ఆ బండిలో కూర్చునేది మేమే గనుక దాచకుండా చెబుతున్నాము. ఇప్పుడే వద్దు.

బి.పి. తగ్గలేదని ఒక పెద్దాయన వస్తే వెంటనే పెద్ద మాత్ర ఇవ్వము. "ఇచ్చిన మాత్ర రోజూ వేసుకుంటున్నారా? ఉప్పు తగ్గించారా?" అని ముందు అడుగుతాము. బండినీ అలాగే అడగాలి. మెకానిక్కు చేత విప్పించి చూస్తే నాలుగు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది బ్రేక్ ఆయిలు. మూడేళ్ళుగా మార్చలేదు. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన బండిలో వాడే డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. సిరంజి మూతి వేలితో మూసి నొక్కి చూడండి. లోపల నీళ్ళుంటే కదలదు, గాలి ఉంటే లోపలికి పోతుంది. ఆ రోజు పెడలు పోయింది అందుకే.

రెండవది వెనుక డ్రమ్ములు. వాగులు దాటినప్పుడు చేరిన బురద లోపలే ఎండిపోయింది. లైనర్లు అరిగిపోయాయి. పని అంతా ముందు బ్రేకుల మీదే పడింది.

మూడవది టైర్లు. బురదలో దిగబడకుండా ఉంటుందని రెండేళ్ళ క్రితం కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేయించాము. చక్రం పెద్దదయ్యేకొద్దీ దాన్ని ఆపడానికి బ్రేకు ఎక్కువ బలం పెట్టాలి. ఆ సంగతి మేము ఆలోచించలేదు.

నాలుగవది బరువు. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. మందుల పెట్టెలు, జనరేటరు, నీళ్ళ క్యాన్లు చాలవన్నట్టు ఆ రోజు వెనుక ఏడుగురు మనుషులు, రెండు పసుపు బస్తాలు ఉన్నాయి. డ్రైవరు వద్దన్నాడు. దారిలో చెయ్యెత్తిన వారిని కాదనలేక మేమే ఎక్కించాము. తప్పు మాదే.

బరువు ఎంత పని చేస్తుందో చూడండి. రెండున్నర టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు, ఇంజను సాయం లేకుండా బ్రేకులే ఆపుతూ వస్తే, పుట్టే వేడి దాదాపు 40 లీటర్ల నీళ్ళను మరిగే దాకా తెస్తుంది. అంటే రెండు పెద్ద బిందెల నీళ్ళు! అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతామో దిగేటప్పుడూ అదే గేరు వాడమని పెద్ద డ్రైవర్లు చెబుతారు.

పెద్ద డిస్కులు వేడిని బాగా తట్టుకుంటాయి అన్న యువజనుల మాట నిజమే. అయితే వెనుక బ్రేకుల బలం లెక్క తప్పితే తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందుగా బిగిసిపోయి బండి అడ్డం తిరగవచ్చు. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తోంది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కే.

కనుక కమిటీకి మేము చెప్పినది ఇది. ఆయిలు, ప్యాడ్లు, లైనర్లు, పైపులు కొత్తవి వేయించాలి. టైర్లు కంపెనీ సైజుకు తేవాలి. ఆయిలు ఏటా మార్చి, తేదీ రిజిస్టరులో రాయాలి. ఆ తరువాత ఖాళీగా ఒకసారి, అనుమతించిన బరువుతో ఒకసారి మెకానిక్కును కూర్చోబెట్టుకొని ఘాటు దిగి చూడాలి. అప్పటికీ పెడలు మెత్తబడితే, కంపెనీ పుస్తకం ఒప్పుకునే మేలైన ప్యాడ్లు, డాట్ 4 ఆయిలు వేయిద్దాము. అదీ చాలకపోతే ఆ దారికి తగిన బండి కోసం ప్రార్థన చేద్దాము. గోపురము కట్టేముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలన్న ప్రభువు ఉపమానము మనకు తెలియనిది కాదు.

చందా ఇచ్చిన వారికి ఒక మనవి. మీ డబ్బును పైన చెప్పిన పనులకు వాడడానికి అనుమతి ఇవ్వండి. బయటికి కనిపించే మార్పు ఏదీ ఉండదు, కానీ మా ప్రాణాలు వాటి మీదే ఉన్నాయి.

కొండ గ్రామాల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు మరో మనవి. ఇకమీదట రోగి, రోగి వెంట ఒక్కరు తప్ప ఎవరినీ బండి ఎక్కించుకోము. వెనుక సామానే గాని మనుషులు ఉండరు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికి కూడా విరుద్ధము. మీరు చెయ్యెత్తినప్పుడు బండి ఆగకపోతే మా మీద కోపగించుకోవద్దు. "ఈ రోజు దిగలేను" అని డ్రైవరు అంటే సూపరింటెండెంటు చెప్పినా సరే, అతని మాటే నెగ్గుతుంది.

ఆ పాపకు మొన్న టీకా వేశాము. తల్లి నవ్వుతూ, "మళ్ళీ ఆ బండిలోనే వచ్చామమ్మా" అంది. ఆ నమ్మకం నిలుపుకొనుటకు మీ ప్రార్థనలలో మా డ్రైవరును, మమ్మును జ్ఞాపకము చేసుకొనండి.