డోసు పెంచితే పురుగే గట్టిపడుతుంది

మందు కొట్టినా పురుగు చావడం లేదని డోసు పెంచుతున్నారా? రెండు మూడు మందులు కలిపి కొడుతున్నారా? కాస్త ఆగండి.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో పైరిత్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా శనగపచ్చ పురుగు లొంగలేదు. ఆ పురుగుకు మందును తట్టుకునే శక్తి వచ్చిందని శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చారు. తర్వాత నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో డాక్టర్ కేశవ్ క్రాంతి ఏళ్ల తరబడి ఈ విషయంపైనే పరిశోధన చేశారు.

అసలు సంగతి మనకు తెలిసిందే. మంచి కంకులు ఏరి విత్తనానికి దాచుకుంటాం కదా! మందు చేసేదీ అదే. బలం లేని పురుగులు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి సంతానాన్ని పెంచుతాయి. ఒకే రకం మందు కొట్టేకొద్దీ మొండి పురుగుకు మనమే విత్తనం కట్టినట్లు. పైగా పురుగులను తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు చచ్చిపోతాయి. తెల్లదోమ విజృంభిస్తుంది. మందుల కొట్లో అప్పు మాత్రం మిగులుతుంది. బీటీ పత్తి వచ్చాక గులాబీ రంగు పురుగూ ఇదే దారి పట్టింది.

అందుకే చెప్పేది: డీలరు మాట విని డోసు పెంచకండి. మొక్కలు పరిశీలించి, పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే, అవసరమైతేనే కొట్టండి. మందు మార్చడమంటే డబ్బా మీద పేరు మార్చడం కాదు, లోపలి మందు రకం మార్చడం. ఏది ఏ రకమో కొనేముందే వ్యవసాయాధికారిని అడగండి. అడగడానికి పైసా ఖర్చు లేదు.