ఇళ్ల మధ్య తేనె పెట్టెలు: రూల్ వచ్చేదాకా ఆగొద్దు, మనమే పెట్టుకుందాం



"టౌన్‌లో ఇల్లు, పెరట్లో రెండు తేనె పెట్టెలు పెట్టుకోవచ్చా? పర్మిషన్ కావాలా?" నర్సీపట్నంలో ఈ ప్రశ్న రావడం సహజమే. ఊరు దాటితే మామిడి, జీడి తోటలు, పైకెళ్తే చింతపల్లి ఏజెన్సీ. ఈగలకు మేతకు కొదవ లేదు.

సూటిగా చెబుతా. ఇళ్ల మధ్య తేనెటీగల పెంపకం కోసమే చేసిన కేంద్ర చట్టం ఏదీ లేదు. నేషనల్ బీ బోర్డు వాళ్ల మధుక్రాంతి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు, చేసుకోండి కూడా. కానీ అది పక్కింటివాళ్ల ఫిర్యాదుకు అడ్డుగోడ కాదు.

చట్టం లేదు కదా అని ధీమా వద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా. ఈగ కూడా అందులోకే వస్తుంది. మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోకపోతే సెక్షన్ 291 కింద 6 నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. జనానికి ఇబ్బంది అని ఫిర్యాదు వెళ్తే, నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద తొలగించమని ఆర్డీవో ఆదేశించొచ్చు.

"ఈగలు ఊరికి మేలే కదా" అంటారు కొందరు. నిజమే. కానీ కాయ మన చెట్టుకు, కాటు పక్కింటి పిల్లాడికి అయితే ఆ మాట ఎవరు వింటారు? అందుకే నా అభిప్రాయం, ఈ రూల్స్ మనమే పెట్టుకోవాలి:

- ఇంటి దగ్గర పుట్ట తేనెటీగలే, అదీ రెండు పెట్టెలే. కొండ తేనెటీగల జోలికి పోవద్దు.
- పెట్టె ద్వారం వీధి వైపు ఉండకూడదు. ఎదురుగా ఆరడుగుల దడి గానీ గ్రీన్ నెట్ గానీ కడితే ఈగలు తలల పైనుంచి పోతాయి.
- పళ్లెంలో గులకరాళ్లు వేసి రోజూ నీళ్లు పెట్టాలి. లేదంటే పక్కింటి కుళాయి మీద వాలతాయి.
- ముందే ఇరుగుపొరుగుకు చెప్పాలి. ఎవరికైనా ఈగ కాటు అలర్జీ ఉంటే పెట్టె పొలానికే. వాళ్లకు ఒక్క కాటు ప్రాణం మీదికి తేవచ్చు.

న్యూయార్క్‌లో 2010 దాకా నిషేధమే ఉండేది. తర్వాత నమోదు, నీటి వసతి లాంటి షరతులతో అనుమతించారు. మన మున్సిపాలిటీని కూడా అలాంటి షరతులే మనమే వెళ్లి అడుగుదాం. ప్రమాదం జరిగాక వచ్చే రూల్‌లో షరతులుండవు, నిషేధమే ఉంటుంది.

పెట్టె ఎటు తిప్పి పెట్టాలో, దడి ఎంత దూరంలో కట్టాలో కింద వీడియోలో చూడండి.