ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్ట్

మన హాస్టల్‌లో ఏ రూమ్ తలుపు తట్టినా అమెరికా వీసా గురించి చెప్పేటోళ్ళు దొరుకుతారు. ఐ-20 ఎప్పుడొస్తుంది, డీఎస్-160లో ఏం నింపాలి, స్లాట్లు ఎప్పుడు తెరుస్తారు, ఓపీటీ అంటే ఏంది... ఫస్టియర్ పిల్లగాడు కూడా గడగడా చెప్తాడు. అదే హాస్టల్‌లో "ఈసీఆర్ అంటే ఏంది?" అని అడిగి చూడండి. నిర్మల్, ఖానాపూర్, జగిత్యాల, ఆర్మూర్ దిక్కు నుంచి వచ్చినోళ్ళం మనలో చాలామందిమే ఉన్నాం. నాయినో, చిన్నాయినో, మేనమామో గల్ఫ్‌లో ఉన్నోళ్ళు తక్కువేం లేరు. అయినా ఆ మూడక్షరాల సంగతి అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఎన్నారై అనంగనే మనకు డాలస్‌లో ఇల్లు, ఇంటి ముందు టెస్లా యాదికొస్తాయి. చట్టం లెక్కన దమ్మామ్‌లో ట్యాంకర్ నడిపే మన ఊరి మనిషి కూడా ఎన్నారైయే. ఇరవై ఏండ్లు అక్కడే ఉంటాడు, రెండేండ్లకోసారి అరవై రోజుల సెలవు మీద వస్తాడు, మళ్ళా పోతాడు. ఆ బతుకులోని ఎండ గురించి, ఒంటరితనం గురించి మన దగ్గర పాటలున్నాయి, కథలున్నాయి. కాయితాల గురించి రాసింది తక్కువ. నేను చూసినంతలో ఆ బతుకు తెగేది చాలాసార్లు కాయితం దగ్గరే. ఇంకో మాట కూడా అంటాను, కోపం రావచ్చు: ఆ కాయితాల్లో చాలా తప్పులు రియాద్‌లోనో దుబాయ్‌లోనో పుట్టవు. ఇక్కడ, మన మండలంలోనే పుడతాయి.

పేరుతో మొదలుపెడదాం. పాస్‌పోర్ట్‌లో రెండు గడులుంటాయి: ఒకటి గివెన్ నేమ్, రెండోది సర్‌నేమ్. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు వెనక ఉంటుంది. స్కూల్ రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మారిపోతుంది. దరఖాస్తు నింపే ఇంటర్నెట్ సెంటర్ పిల్లగాడికి ఆ అక్షరాన్ని ఎక్కడ పెట్టాలో తెల్వదు, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తాడు. ఏండ్ల తరబడి దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. 2022 నవంబర్‌లో యూఏఈ కొత్త నిబంధన పెట్టింది: పాస్‌పోర్ట్‌లో ఒక్క పేరే ఉంటే విజిట్ వీసా మీద రానివ్వం అని. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత వివరణ ఇచ్చారు. ఈ రెండు ముక్కల మధ్య టికెట్ కొనుక్కున్నోడి గతి ఏందో ఆలోచించండి.

స్పెల్లింగ్ సంగతి ఇంకో కథ. మన దిక్కు భోజన్న అనే పేరు ఎంత మామూలో మీకు తెలుసు. ఆ పేరు ఆధార్‌లో భోజన్న, పాస్‌పోర్ట్‌లో బోజన్న, పట్టా పాస్‌బుక్కులో భోజయ్య. భార్య ఇంట్లో గంగు, ఆధార్‌లో గంగవ్వ, రేషన్ కార్డులో గంగామణి. ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు, వీళ్ళిద్దరూ ఎవరో అందరికీ తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం అయిదారుగురు వేర్వేరు మనుషులు. పుట్టినతేదీ అడిగితే సగం ఊరు జనవరి ఒకటినే పుట్టింది.

మనం డీబీఎంఎస్‌లో ప్రైమరీ కీ గురించి చదివాం కదా. పేరును కీగా పెట్టుకోవద్దని ప్రతి సార్ చెప్తాడు. మన ఆఫీసులు నలభై ఏండ్లుగా పేరునే కీగా పెట్టుకుని టేబుళ్ళు జాయిన్ చేస్తున్నాయి. మ్యాచ్ కాకపోతే ఎర్రర్ మెసేజ్ సర్వర్‌కు పోదు, గంగవ్వకు పోతుంది.

చిరునామా కూడా అంతే. 2013లో పాస్‌పోర్ట్ తీసుకున్న మనిషిని తీసుకోండి. అందులో ఉన్నది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, ఆదిలాబాద్ జిల్లా, నిర్మల్ మండలం. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న జిల్లా మారింది. ఆయనది సోన్ అయితే అదే రోజు మండలమూ మారింది. మనిషి మాత్రం షార్జాలో అదే క్యాంపులో, అదే మంచం మీద ఉన్నాడు. పదేండ్ల గడువు తీరాక రెన్యువల్‌కు పోతే, పాత పాస్‌పోర్ట్‌లో ఒక ఊరు, ఆధార్‌లో ఇంకో జిల్లా. ఇల్లు కదలకుండానే మూడు చిరునామాలు మారినందుకు రుజువులు ఆయనే చూపించుకోవాలి. జిల్లాల విభజన తప్పని నేననను, నిర్మల్ జిల్లా కావడం మనకు మంచిదే. గీత గీసిన సర్కారే "ఈ పాత ఊరు, ఈ కొత్త ఊరు ఒక్కటే" అని ఒక్క కాయితం అందరికీ ముందే ఇచ్చి ఉంటే పోయేదేముండె?

ఇప్పుడు ఈసీఆర్. ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని దాని పూర్తి పేరు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈ మాట పడుతుంది. గల్ఫ్ దేశాలన్నీ కలుపుకుని ఒక జాబితా ఉంది. ఆ దేశాలకు పని మీద పోవాలంటే వీళ్ళు సర్కారు నుంచి క్లియరెన్స్ తీసుకోవాలి. ఉద్దేశం మంచిదే. చదువు రానోణ్ణి ఏజెంట్ మోసం చేస్తాడు కాబట్టి ముందు కాంట్రాక్ట్ చూస్తారు, జీతం చూస్తారు, ఏజెంట్‌కు లైసెన్స్ ఉందా చూస్తారు. ఏజెంట్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ తప్ప ఇంకో పైసా తీసుకోవద్దు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఈ దారిలోనే వస్తుంది: రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. కాంట్రాక్ట్‌లో ఉండాల్సిన కనీస జీతం కూడా ఇక్కడే చూస్తారు. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం ఆ కనీస జీతాలను తగ్గించింది. మన దగ్గర గొడవైంది, హైకోర్టులో కేసు పడింది, 2021లో వెనక్కి తీసుకున్నారు. అంటే ఈ గేటు ఉత్తుత్తి గేటు కాదు.

చిక్కల్లా ఒక్కటే. పని మీద పోతేనే క్లియరెన్స్ కావాలి. చూసొస్తానని విజిట్ వీసా మీద పోతే అక్కర్లేదు. ఏజెంట్‌కు ఇది మనకంటే బాగా తెలుసు. "క్లియరెన్స్ అంటే నెల పడ్తది అన్నా, కాంట్రాక్ట్ కావాలె, గది కావాలె గిది కావాలె. విజిట్ మీద పో, ఆడికి పోయినంక మార్పిస్త" అంటాడు. విజిట్ వీసా మీద పోయినోడికి కాంట్రాక్ట్ చూసే నాథుడు లేడు, కనీస జీతం లేదు, ఆ 275 రూపాయల బీమా కూడా లేదు. ఎవరిని కాపాడాలని గేటు కట్టారో వాళ్ళే గోడ దూకాల్సి వస్తోంది. దూకినోడు కాలు విరగ్గొట్టుకుంటే "గేటుండంగ ఎందుకు దూకినవ్?" అని అడుగుతున్నాం.

ఇంకో విచిత్రం. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళకు ఈసీఆర్ నుంచి మినహాయింపు ఉంది, యాభై ఏండ్లు దాటినవాళ్ళకూ ఉంది. ట్యాక్స్ కట్టేటోణ్ణి, తల నెరిసినోణ్ణి ఏజెంట్లు మోసం చేయరని ఎవరు చెప్పారో! పదో తరగతి పాసైన మన ఊరి పిల్లలైతే దర్జాగా క్లియరెన్స్ లేకుండా పోతారు. ఇంగ్లిష్‌లో, అరబీలో ఉన్న కాంట్రాక్ట్ ముందు పెడితే వాళ్ళూ, చదువు రాని వాళ్ళ నాయినా ఒకే చోట సంతకం పెడతారు. నన్నడిగితే కాపాడాల్సింది పనిని చూసి, సర్టిఫికెట్‌ను చూసి కాదు. ఏ వీసా మీద పోయినా, ఏ చదువు చదివినా, ఆ దేశాలకు పోయే ప్రతి కూలీకీ బీమా తప్పనిసరిగా ఉండాలి. అది టికెట్‌తో పాటే రావాలి. 275 రూపాయలు అంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక టిఫిన్ ఖర్చు.

అక్కడికి పోయాక కాయితం ఇంకా బరువెక్కుతుంది. సౌదీలో అకామా లేనిదే మనిషి లేనట్టే: బ్యాంకు, ఫోన్ సిమ్, ఆసుపత్రి అన్నీ దానితోనే. ఆ అకామా రెన్యువల్ చేయించాల్సింది కఫీల్. ఆయన చేయించకపోతే తప్పు ఆయనది, పోలీసులకు దొరికేది మనోడు. కఫీల్‌కు కోపమొచ్చి "పారిపోయిండు" అని రాయించాడా, దాన్ని హురూబ్ అంటారు, ఇగ ఆ మనిషి కల్లివెల్లి. ఈ మాట మన ఊళ్ళల్లో ఎంత మామూలైపోయిందంటే "మావోడు మూడేండ్ల నుంచి కల్లివెల్లి ఉన్నడు" అని, మన దగ్గర "బ్యాక్‌లాగ్ ఉంది" అన్నంత తేలిగ్గా అంటారు. 2021 మార్చిలో సౌదీ సంస్కరణలు తెచ్చింది, కఫీల్ అనుమతి లేకుండా కంపెనీ మారొచ్చు, దేశం దాటి రావొచ్చు అని. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. ఇంటి పనివాళ్ళకు, ఇంటి డ్రైవర్లకు, గొర్లకాపరులకు, తోటపనివాళ్ళకు అది వర్తించదు. ఎడారిలో గొర్ల దగ్గర ఉన్న మనోళ్ళకు ఆ సంస్కరణ సంగతి వినడానికి కూడా సిగ్నల్ ఉండదు.

యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి క్షమాభిక్ష ఇచ్చింది, అక్టోబర్ చివరిదాకా అని మొదలుపెట్టి డిసెంబర్ 31 దాకా పొడిగించింది. గడువు దాటి ఉన్నందుకు రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పడేవాళ్ళకు అదెంత పెద్ద ఊరటో లెక్కేసుకోండి. కానీ క్షమాభిక్షకూ కాయితం కావాలి. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరో, పోయో ఉంటే మన కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. అదివ్వాలంటే ఈయన ఫలానా అని తేలాలి. మళ్ళా భోజన్నా, బోజన్నా?

ఈలోపు ఇక్కడ ఇంట్లో ఇంకో రకం తిప్పలు. ఆధార్‌కు లింకైన సిమ్ రీఛార్జ్ లేక బంద్ అయితే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే బ్యాంకు లేదు. రేషన్ కార్డు ఈ-కేవైసీకి ప్రతి ఒక్కరూ వేలిముద్ర వేయాలంటారు, ఆ వేలు కువైట్‌లో ఉంటుంది. పని మీద విదేశం పోయినోడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చాలన్నది ఫెమా నిబంధన, మన ఊళ్ళో ఆ మాట విన్నోళ్ళను నేను చూడలేదు. ఓటు సంగతి మరీ బాగుంది: ఫారం 6ఏ నింపితే విదేశంలో ఉన్నా ఓటరుగా నమోదు కావచ్చు, ఓటు మాత్రం ఊరికొచ్చి వేయాలి! ఎలక్షన్‌కు సెలవిచ్చే కఫీల్ పుట్టాడో లేదో.

మనిషి అక్కడ చనిపోతే ఏమేం కావాలో చెప్పాలంటే చేయి వణుకుతుంది కానీ చెప్పాలి. ఆసుపత్రి నుంచి మరణ ధ్రువీకరణ, పోలీస్ రిపోర్టు, ఇంటివాళ్ళ సమ్మతి పత్రం, మన ఎంబసీ ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్ట్, ఎంబామింగ్ సర్టిఫికెట్. యాక్సిడెంటో ఆత్మహత్యో అయితే విచారణ తేలేదాకా ఆగాలి. శవపేటిక ఊరు చేరాక రెండో విడత మొదలవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తోంది. ఎన్నేండ్లుగానో అడిగితే వచ్చిన మంచి పని అది, ఎవరి ప్రభుత్వమన్నది పక్కనపెట్టి ఒప్పుకోవాలి. దానికీ, కంపెనీ ఇవ్వాల్సిన బకాయి జీతానికీ, బీమా ఉంటే దానికీ గంగవ్వ "నేనే ఆయన భార్యను" అని రుజువు చేయాలి. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్ట్‌లో భార్య పేరు గడిలో ఇంకో పేరు ఉంటే ఆ తల్లి అఫిడవిట్లు పట్టుకుని ఎన్ని మెట్లు ఎక్కాలి? ఇరవై ఏండ్లు కాపురం చేసిన మనిషికి, అది అచ్చుతప్పు అని నిరూపించుకోవాల్సిన పని.

కేరళను చూసి కుళ్ళుకోవడం మనకలవాటు, ఈసారి కుళ్ళుకోవాల్సిందే. 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే శాఖ పెట్టుకున్నారు, 2008లో ప్రవాసుల సంక్షేమానికి చట్టం చేసుకున్నారు. మన దగ్గర 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. సంతోషం. నిర్మల్ నుంచి అది రెండొందల కిలోమీటర్ల పైన. కడెం దాటి లోపలున్న ఊరి మనిషికి పోనూ రానూ రెండు దినాల కూలి పోతుంది. ఆ కౌంటర్ నిర్మల్ కలెక్టరేట్‌లో ఉండాలి, తెలుగులో ఉండాలి. పోయేముందే ఆధార్, పాస్‌పోర్ట్, రేషన్ కార్డు, పట్టా పాస్‌బుక్కు నాలుగూ పక్కపక్కన పెట్టి తేడాలు దిద్ది పంపాలి. చచ్చాక దిద్దడం కంటే అది సులువు, చవక.

"మనం స్టూడెంట్లం, మనమేం చేస్తాం?" అంటారా? మొన్నటి స్టడీ అబ్రాడ్ సెమినార్‌కు ఆడిటోరియం నిండింది. దాంట్లో సగం పని చాలు. దసరాకు ఊళ్ళకు పోతున్నాం కదా. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, పంచాయతీ ఆఫీసు వరండా. మూడు పనులు చేద్దాం: పేర్లు, తేదీలు కలుస్తున్నాయా చూడటం, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంట్ పేరు ఉందో లేదో వెతికి చూపించడం, పాస్‌పోర్ట్, వీసా, బీమా కాపీలు భార్య ఫోన్లో, తెలుగు పేర్లతో సేవ్ చేసిపెట్టడం. వచ్చేవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరు, మండలం రాయండి. ఖానాపూర్, కడెం, మామడ దిక్కువాళ్ళు ముందు కావాలి, స్కానర్ ఉన్నోళ్ళు ఇంకా ముందు.