పథ్యశాస్త్రమును నడుమ విడువరాదు

మేము బియ్యపు వర్తకులము. మల్లెపూవువంటి బియ్యమునే అందరును కోరుదురు. తవుడుతోబాటు సత్తువయు పోవుననిన వినువారరుదు. అట్టి బియ్యమే ముఖ్యాహారమైనచోట పుట్టు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై 1918లో మన తమిళనాటి కూనూరున వెలసిన చిన్న శాలయే, 1958లో హైదరాబాదు చేరి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది.

ఇప్పుడు మన యిండ్లలో మధుమేహము హెచ్చినది. పథ్యముండుడని వైద్యుడు చెప్పును. ఏది యెంత తినవలెనో విడమరచి చెప్పువారేరి? అందులకు మూడేండ్ల బి.యస్సీ. చాలదు, ఆపై రెండేండ్ల యెం.యస్సీ.యు కావలెను. అమెరికాలో 2024 నుండి స్నాతకోత్తర పట్టము లేనివారిని పథ్యనిపుణుల నమోదు పరీక్షకు క్రొత్తగా చేర్చుకొనుట లేదు. మనవద్దనో, బి.యస్సీ. కాగానే పెండ్లిమాటలు వచ్చి ఆడపిల్లల చదువు ఆగిపోవుచున్నది.

కావున రెండును కలిసిన ఐదేండ్ల చదువు దొరకినచోట మన బాలికలను చేర్పింపుడు. సంఘ విద్యార్థివేతనమును మూడవయేట నిలుపక కడదాక సాగింపవలెను. అందులకు మా వంతు మేమిచ్చెదము.