కాకతీయ రౌతుకి ఏ రంగెయ్యాలి?

శని, ఆదివారాల్లో నా పిచ్చి 28 మిల్లీమీటర్ల నైట్ల బొమ్మలకి రంగులెయ్యడం. ప్రైమర్ కొట్టి, డాలు మీద సింహాలు, గుర్రం గుడ్డకీ అవే రంగులు. ఇంగ్లండులో ఏ వంశానికి ఏ చిహ్నమో 13వ శతాబ్దంలోనే పట్టీలు రాసిపెట్టుకున్నారు.

అదే శతాబ్దంలో మన రుద్రమదేవి రౌతులు ఏ రంగులు కట్టారు? భూపాలపల్లి దగ్గర గణపురం కోటగుళ్ళకెళ్తే రాతిలో రూపాలున్నాయి, రంగుల్లేవు. ఆధారం లేనిదే ఎలా అనుకుని, జనగామవాణ్ణయ్యుండీ ఇన్నాళ్ళూ ఇంగ్లీషోళ్ళకే రంగులేశా. ఇదేం నిజాయితీ? వట్టి బద్ధకం!

పక్కనే చేర్యాలలో రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి బొమ్మలు చేస్తారు. పటమైతే వెనకంతా ఎరుపే. వాళ్ళు ఏ శాసనం చూసి పూశారంట?

నా మొదటి కాకతీయ రౌతుకి ఆ ఎరుపే. చరిత్రకారులు తిడితే తిట్టనీండి, ఆధారం చూపిస్తే మళ్ళీ వేస్తా :)