టైంటేబుల్లో నిద్రకు గడి ఏది?
పదో తరగతి పిల్లల గదిలో గోడకు అతికించిన టైంటేబుల్ ఎప్పుడైనా చదివారా? పొద్దున నాలుగున్నరకు లేవడం, లెక్కలు, స్పెషల్ క్లాసు, బడి, ట్యూషన్, రాత్రి పదకొండు దాకా సైన్సు; ఆదివారం గడిలోనూ ఎర్ర స్కెచ్‌పెన్నుతో ‘రివిజన్’. నిద్రకు మిగిలింది అయిదున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది. పైగా ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. కాబట్టి పొద్దున లేవలేకపోవడాన్ని ఒట్టి బద్ధకమని తిట్టి లాభం లేదు (ఈ మాట మన ఇళ్లలో మింగుడుపడదనుకోండి). నన్నడిగితే టైంటేబుల్ రాయడం రాత్రి నుంచి మొదలుపెట్టాలి: ముందు నిద్ర, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే గంట ఆట, మిగిలినదాంట్లో చదువు. 9 నుంచి 12 తరగతులకు హోంవర్కు రోజుకు రెండు గంటలు మించొద్దని కేంద్రం 2020 స్కూల్ బ్యాగ్ విధానంలో రాసింది. ఆ కాగితం ఏ హెడ్మాస్టరు బల్లమీదైనా కనిపిస్తే చెప్పండి. చదివింది బుర్రలో కుదురుకోవడానికీ నిద్రే కావాలి. తెల్లారగట్ల కునికిపాట్లు పడేవాడి చేత అదే పేజీ మూడోసారి తిప్పించే బదులు, ఇంకో గంట పడుకోనివ్వండి.