దూలగొండి గింజ, మామయ్య పేకముక్కలు

మా అచ్చంపేట దాటి నల్లమల దారి పడితే పొదల మీద అల్లుకునే దూలగొండి తీగ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాయ మీది నూగు ఒంటికి తగిలిందంటే గోక్కోలేక చావాలి. ఆ కాయ లోపలి గింజల్లో ఎల్-డోపా అనే పదార్థం ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు తేల్చారు. మన ఒంట్లోకి పోయాక అది మెదడులో డోపమైన్‌గా మారుతుంది. ఈ వారం ముచ్చట ఆ డోపమైన్ గురించే.

డోపమైన్ అంటే సంతోషం పుట్టించే మందు అని అందరూ అనేస్తుంటారు. అసలు సంగతి అంత సులువు కాదు. స్విట్జర్లాండులో షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1990లలో కోతుల మెదడు కణాలను పరీక్షించాడు. అనుకోకుండా పండ్లరసం చుక్క నోట్లో పడితే డోపమైన్ కణాలు చటుక్కున మేలుకున్నాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక గుర్తు చూపిస్తూ పోతే, కొన్నాళ్లకు గుర్తు కనిపించగానే మేలుకోవడం మొదలుపెట్టాయి. రసం వచ్చినప్పుడు మాత్రం చప్పుడు లేదు! గుర్తు వచ్చి రసం రాకపోతే, సరిగ్గా ఆ క్షణానికి ఉన్న చురుకు కూడా తగ్గిపోయింది.

మన ఇంట్లో చూడండి. బడి నుంచి వచ్చే పిల్లవాడికి వీధి మలుపులోనే సర్వపిండి వాసన తగిలితే కాళ్లకు ఎక్కడలేని వేగం వస్తుంది. ఇంటికొచ్చాక అది పక్కింటి వాసన అని తెలిస్తే మొహం చూడాలి! అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడానే మెదడుకు పాఠం. అందుకే రోజూ ఇచ్చే పది రూపాయలకన్నా, లెక్క సరిగ్గా చేసిన వెంటనే అనుకోకుండా "శభాష్ బిడ్డా" అన్న మాటే బాగా పనిచేస్తుందని నేనంటాను. రాత్రి అన్నాలప్పుడు మెచ్చుకుంటే దేనికో వాడికే గుర్తుండదు.

ఇదే మెదడు పేకాటలోనూ పడుతుంది. వస్తుందో రాదో సగం సగం అన్నప్పుడే ఆ కణాలు ఎదురుచూపులో ఎక్కువగా పనిచేస్తాయని షుల్ట్జ్ బృందం 2003లో చూపించింది. ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీని మన తెలంగాణలో 2017లోనే నిషేధించింది ఊరికే కాదు.

ఇక మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది. కంపవాతంలో, అంటే పార్కిన్సన్ జబ్బులో, డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. అందుకే చేయి వణుకుతుంది, నడక మందగిస్తుంది. మందు వేసుకోనప్పుడు ఈ రోగులు నష్టం నుంచి బాగా నేర్చుకుంటారనీ, మందు వేసుకున్నప్పుడు లాభం నుంచి బాగా నేర్చుకుంటారనీ అమెరికాలో 2004లో తేలింది. మా వీధిలో ఒక చెల్లెలి మామయ్య జీవితంలో పేకముక్క ముట్టని మనిషి. ఈ జబ్బుకు మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు పింఛను డబ్బులన్నీ ఆటలో పోగొట్టుకున్నాడు. "ముసలితనంలో ఇదేం బుద్ధి" అని ఇంటిల్లిపాదీ తిట్టినోళ్లే. డాక్టరు వచ్చి మందు మార్చాక ఆ యావ తగ్గింది. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో కొందరికి జూదం, అతిగా కొనడం, అతిగా తినడం లాంటివి పట్టుకుంటాయని వైద్యులకు తెలిసిన సంగతే.

అమ్మా, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాత్రలు వాడుతుంటే కొత్త అలవాట్ల మీద ఒక కన్నేసి ఉంచండి. సిగ్గుపడి వాళ్లు చెప్పరు. ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, అలవాటు ఎప్పుడు పట్టింది కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మాత్రలు ఆపొద్దు, ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఎవరో చెప్పారని దూలగొండి గింజల పొడి మాత్రలతో కలిపి పెట్టొద్దు. పొడిలో మందు ఎంత ఉందో మన చెంచా చెప్పలేదు కదా!